సంపాదన మన ఊరిది, సూపర్ మార్కెట్టు పట్నానిది

గల్ఫ్ డబ్బు చేరే పల్లెలకి పెద్ద దుకాణాలు ఎందుకు రావు?

సోనాపూర్, అల్ ఖూజ్, జబల్ అలీ, ముసఫ్ఫా. ఏ క్యాంపులో ఉన్నా సెలవు రోజు సాయంత్రం మన దారి ఒక్కటే. స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, నలుగురైదుగురం కలిసి హైపర్ మార్కెట్టుకి బయలుదేరతాం. అక్కడ కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డలు, కోడిగుడ్లు కొంటాం. ఇంటికి పోయే నెల దగ్గర పడితే పాలపొడి డబ్బాలు, టాంగ్, టైగర్ బామ్, సబ్బులు, దుప్పట్లు కొని కార్గో డబ్బా కడతాం. ఒక రకంగా చూస్తే మన ఊళ్ళకి హైపర్ మార్కెట్టు ఎన్నడూ రాలేదు గానీ, కార్గో డబ్బాలో కొంచెం కొంచెంగా వచ్చింది.

క్యాంపులో మలయాళీ సోదరుల దగ్గర ఈ మాట ఎత్తితే వాళ్ళు నవ్వుతారు. "మాకు అక్కడే ఉందిగా లులు" అంటారు. మన జగిత్యాల వైపు మనిషిని అడిగితే "నెలకోపారి మా ఇంటామె బస్సెక్కి కరీంనగర్ పోతది" అంటాడు. రాయచోటి వైపు మనిషి కడప పేరు చెబుతాడు. బీహార్ సోదరుడినడిగితే డీమార్ట్ పేరు విన్నానే గానీ చూడలేదంటాడు. అందరం ఒకే క్యాంపులో ఉంటాం, ఇంచుమించు ఒకే జీతం తీసుకుంటాం, ఒకే ఎక్స్ఛేంజిలో వరసలో నిలబడి డబ్బు పంపుతాం. మరి ఒకరి ఊరికి దుకాణం వచ్చి, ఇంకొకరి ఊరికి ఎందుకు రాలేదు?

ఆఫీసుల్లో బిల్లులు, డెలివరీ నోట్లు రాసుకునే గుమాస్తాలం మేము. వ్యాపారాలు మాకు లేవు గానీ లెక్కలు రాయడం అలవాటు. ఈ ప్రశ్నని కూడా ఒక లెక్కలాగే చూద్దాం అనుకున్నాం. ఇది ఊరికే తెలుసుకోవడానికి మాత్రమే కాదు. "ఇంకో రెండేళ్ళు చేసి, వచ్చిన డబ్బుతో ఊళ్ళో సూపర్ మార్కెట్టు పెట్టుకుంటా" అనే మాట ప్రతి క్యాంపులోనూ వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్ళకి ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం.

ఎవరు ఎక్కడ తెరిచారు?

ముందుగా మనకి బాగా తెలిసిన లులునే తీసుకుందాం. అబుదాబి కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ యజమాని యూసుఫ్ అలీ స్వగ్రామం కేరళలో త్రిస్సూర్ జిల్లా నాట్టిక. ఇండియాలో వాళ్ళ మొదటి పెద్ద మాల్ 2013 మార్చిలో కొచ్చిలో వచ్చింది. 2021లో బెంగుళూరు, తిరువనంతపురం, 2022లో లక్నో, 2023లో పాలక్కాడ్, 2024లో కోజికోడ్, కొట్టాయం వచ్చాయి. పాలక్కాడ్, కొట్టాయం మహానగరాలు కావు. కేరళలో అలాంటి చిన్న ఊళ్ళకి కూడా వాళ్ళు వెళ్ళారన్నమాట.

తెలుగు రాష్ట్రాల్లోనో? 2023 సెప్టెంబర్లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో లులు మాల్ తెరిచారు. విశాఖపట్నంలో 2018లో శంకుస్థాపన జరిగింది. 2019లో ప్రభుత్వం మారాక భూమి కేటాయింపు రద్దయింది. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారాక చర్చలు మొదలయ్యాయి. అంటే మన దగ్గర వాళ్ళు చూసినవి హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద నగరాలు. గల్ఫ్‌కి ఇంటికొకరు వచ్చిన జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు, రాయచోటి, నర్సాపురం ఆ జాబితాలో లేవు.

ఇక డీమార్ట్ సంగతి. మొదటి దుకాణం 2002లో ముంబయిలోని పొవాయిలో పెట్టారు. 2025 మార్చి 31 నాటికి దేశంలో వాళ్ళ దుకాణాలు 415. అందులో నాలుగో వంతుకు పైగా మహారాష్ట్రలోనే ఉన్నాయి. గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలో కూడా బాగానే ఉన్నాయి. ఆ తేదీ నాటికి బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. మన రాష్ట్రాలకి రావడానికి, బీహార్‌కి పోకపోవడానికి కారణం ప్రేమా కాదు, పగా కాదు. ముంబయి నుంచి బయలుదేరిన లారీ పక్క జిల్లాకి, ఆ తర్వాత పక్క రాష్ట్రానికి వచ్చింది. ఉన్న దుకాణాలకి, ఉన్న గోడౌన్‌కి దగ్గరలోనే కొత్తది పెట్టడం వాళ్ళ పద్ధతి. మహారాష్ట్రని ఆనుకుని మనం ఉన్నాం గనక మన వంతు ముందు వచ్చింది.

అలాగని బీహార్‌ని అందరూ వదిలెయ్యలేదు. వీ-మార్ట్ అనే కంపెనీ బట్టల దుకాణాలు ఉత్తరప్రదేశ్, బీహార్ చిన్న పట్టణాల్లోనే ఎక్కువ. అంటే ఒక కంపెనీ వదిలేసిన చోటు ఇంకో కంపెనీకి పనికొస్తుంది. ఇది గుర్తుపెట్టుకుందాం, చివర్లో పనికొస్తుంది.

కంపెనీ వేసే లెక్క

దుకాణం పెట్టే ముందు కంపెనీ వాళ్ళు ఊళ్ళో ఎంత డబ్బు వస్తోందని చూడరు. ఆ ఊళ్ళోనే ఎంత డబ్బు ఖర్చవుతోందని చూస్తారు. ఈ రెండూ ఒకటే అని మనం అనుకుంటాం. అక్కడే తేడా వస్తుంది.

అంకెలతో చూద్దాం. 2024-25 సంవత్సరంలో డీమార్ట్ అమ్మకాలు 57 వేల కోట్ల రూపాయలు దాటాయి. దాన్ని 415 దుకాణాలకి పంచితే ఒక్కో దుకాణానికి ఏడాదికి సుమారు రూ. 137 కోట్లు, నెలకి రూ. 11 కోట్లకి పైనే పడుతుంది. ఇది సగటు. కొన్ని ఎక్కువ అమ్ముతాయి, కొన్ని తక్కువ.

ఇప్పుడు మన మండలం ఒకటి ఊహించుకుందాం. జనాభా 50 వేలు అనుకోండి. ఇంటికి నలుగురు చొప్పున 12,500 ఇళ్ళు. ప్రతి ఇల్లూ నెలకి సరుకులకీ, సబ్బులకీ, బట్టలకీ కలిపి రూ. 5 వేలు ఖర్చు పెడుతుందనుకుందాం. మొత్తం రూ. 6 కోట్ల 25 లక్షలు. అంటే మండలంలో ప్రతి ఇల్లూ, మారుమూల తండాతో సహా, కిరాణా కొట్టు ముఖం చూడకుండా అంతా ఆ ఒక్క దుకాణంలోనే కొన్నా సగటు అమ్మకంలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. నిజంగా అయితే మూడో వంతు ఇళ్ళు వస్తే గొప్ప. అప్పుడు అది రూ. 2 కోట్ల చిల్లర.

దీనికి తోడు లాభం పలచన. డీమార్ట్ లాంటి దుకాణానికి నూరు రూపాయల అమ్మకం మీద కొన్న ధర తీసేస్తే మిగిలేది సుమారు 15 రూపాయలు. అందులోంచి జీతాలు, కరెంటు, లారీ కిరాయి, పాడైపోయిన సరుకు, దొంగతనాలు, పన్ను అన్నీ పోవాలి. అందుకే పప్పూ ఉప్పూ అమ్మేవాడికి జనం గుంపుగా రావాలి, రోజూ రావాలి. బట్టలమ్మేవాడి సంగతి వేరు. చీర కుళ్ళిపోదు, దాని మీద లాభం ఎక్కువ. కాబట్టే చిన్న పట్టణానికి కంపెనీ బట్టల షాపు ముందు వస్తుంది, కంపెనీ కిరాణా తర్వాత వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

ఇంకో సంగతి స్థలం. పెద్ద దుకాణానికి రోడ్డు పక్కన, పార్కింగుతో సహా, కాగితాలు శుభ్రంగా ఉన్న జాగా కావాలి. డీమార్ట్ అయితే ఎక్కువ చోట్ల కిరాయికి కాకుండా సొంతంగా కొంటుంది. మన మండల కేంద్రాల్లో రోడ్డు పక్క జాగా అంటే అన్నదమ్ముల మధ్య పంచుకోనిదో, కోర్టులో ఉన్నదో, ఒకే సర్వే నంబరు మీద నలుగురు పాసు పుస్తకాలు చూపించేదో అయి ఉంటుంది. ఆ చిక్కులో పడటం కన్నా జిల్లా కేంద్రంలో బైపాస్ పక్కన కొనడం వాళ్ళకి తేలిక.

చట్టం కూడా నగరాన్నే చూసింది. 2012 సెప్టెంబర్లో కేంద్ర ప్రభుత్వం అన్ని రకాల సరుకులు అమ్మే చిల్లర దుకాణాల్లో 51 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఇచ్చినప్పుడు, 2011 లెక్కల ప్రకారం పది లక్షల జనాభా దాటిన నగరాల్లోనే అని షరతు పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్కకి నిలిచినవి హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ. చిన్న వ్యాపారులని కాపాడటానికే ఆ షరతు అన్నారు. అందులో న్యాయం ఉంది. కానీ ఏ ఊరు లెక్కలోకి వస్తుంది, ఏ ఊరు రాదు అనేది ఢిల్లీలో ఒక అంకెతో తేలిపోయింది.

ఇక్కడ మనం గుంపు, అక్కడ మనం చెదురు

గల్ఫ్‌లో మనకి ఎదురయ్యే ఒక విచిత్రం చెప్పుకోవాలి. మన క్యాంపుల చుట్టూ దుకాణాలకి కొదవ లేదు. క్యాంపు గేటు దగ్గర గ్రోసరీ, నాలుగడుగులు వేస్తే సూపర్ మార్కెట్టు, బస్సెక్కితే హైపర్ మార్కెట్టు. దోహాలో 2015లో సుమారు 70 వేల మంది కార్మికుల కోసం లేబర్ సిటీ కట్టారు. దాన్ని ఆనుకునే ఏషియన్ టౌన్‌లో దుకాణాలు, సినిమా హాళ్ళు, క్రికెట్ స్టేడియం వచ్చాయి. అక్కడ ఉండేవాళ్ళెవరు? మనలాంటి వాళ్ళే. జీతం ఎంత? మనకి తెలిసిందే.

అదే మనుషుల కుటుంబాలు ఊళ్ళో ఉంటే దుకాణం రాదు. ఎందుకు? ఇక్కడ ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది, ఒక్కో భవనంలో వందల మంది, ఒక కిలోమీటరు లోపల వేలమంది జీతగాళ్ళం. ఒకే రోజు జీతం, ఒకే రోజు సెలవు. ఊళ్ళో ఆ వేలమంది కుటుంబాలు వందల పల్లెల్లో చెదిరి ఉంటాయి. పల్లెకీ పల్లెకీ మధ్య పొలాలు, చెరువులు, వాగులు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కంపెనీ కళ్ళకి ఇక్కడి మనం ఖాతాదారులం. అక్కడి మన ఇంటివాళ్ళు దూరాభారం.

కేరళకి లాభించింది కూడా చాలావరకు ఇదే. 2011 జనాభా లెక్కల్లో కేరళలో చదరపు కిలోమీటరుకి 860 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308 మంది. కేరళలో ఒక ఊరు ఎక్కడ ముగిసిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం, రోడ్డు పొడుగునా ఇళ్ళే. కొట్టాయంలో పెట్టిన దుకాణానికి అరగంట ప్రయాణంలో ఉన్న జనం వేరు, జగిత్యాలలో పెట్టిన దుకాణానికి అరగంట ప్రయాణంలో ఉన్న జనం వేరు. దానికి తోడు యజమానిది ఆ నేలే. పుట్టిన చోట దుకాణం పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. మన జిల్లాల నుంచి వేలమంది మేస్త్రీలు, డ్రైవర్లు, హెల్పర్లు వచ్చారు గానీ, అంత పెద్ద దుకాణాల యజమాని రాలేదు.

కేరళ గురించి ఇంకొకటి. పెద్ద మాల్ రాకముందే అక్కడ ప్రభుత్వ దుకాణం ఉంది. 1974లో ఏర్పడిన సప్లైకో అనే పౌర సరఫరాల సంస్థ మావేలి స్టోర్ల పేరుతో చిన్న ఊళ్ళలో కూడా పప్పు, మిర్చి, నూనె తక్కువ ధరకి అమ్ముతూ వచ్చింది. అంటే పల్లెలో ఉన్నవాడు పట్నం ధర కోసం బస్సెక్కాల్సిన పని కొంత తగ్గింది.

మనం పంపిన డబ్బు ఎటు పోతోంది?

ఇది కొంచెం నొప్పి కలిగించే మాటే అయినా చెప్పుకోక తప్పదు. మనం పంపే డబ్బు ఊరికి చేరుతుంది, కానీ ఊళ్ళో ఉండదు.

మొదటి రెండేళ్ళ డబ్బు ఏజెంటుకి కట్టిన అప్పుకి పోతుంది. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీ. ఆ తర్వాత ఇల్లు. సిమెంటు, స్టీలు, టైల్సు పట్నం నుంచే వస్తాయి. ఆ తర్వాత ఆడపిల్ల పెళ్ళి. బంగారం పట్నంలో కొంటాం, పెళ్ళి బట్టలు పట్నంలో కొంటాం. పిల్లల చదువు కరీంనగర్ హాస్టల్లోనో, తిరుపతి కాలేజీలోనో. నాన్నకి గుండె నొప్పి వస్తే హైదరాబాద్ ఆస్పత్రి. బోరు వేయిస్తే నీళ్ళు పడ్డా పడకపోయినా బోరు బండివాడు డబ్బు పట్టుకుపోతాడు.

ఇవన్నీ పోగా ఊళ్ళో కొట్టుకి చేరేది ఎంత? ఉప్పూ పప్పూ, పాలూ, సెల్ రీచార్జీ. కంపెనీ మనిషి వచ్చి సర్వే చేస్తే వాడికి కనిపించేది ఈ చివరి ముక్క. రెండంతస్తుల ఇళ్ళు చూసి మురిసిపోడు. ఆ ఇళ్ళకి సగం తాళాలు వేసి ఉన్నాయని కూడా వాడికి తెలుసు.

అందుకే పెద్ద దుకాణం జిల్లా కేంద్రంలో కూర్చుంటుంది. మన డబ్బు ఎలాగూ అక్కడికే నడిచి వస్తోంది, పల్లెదాకా లారీ తిప్పడం ఎందుకు?

దుకాణం లేకపోతే నష్టం ఎవరికి?

నష్టం చిన్నదే, కానీ ప్రతి నెలా ఉంటుంది. ప్యాకెట్ మీద ముద్రించిన ధరకి మించి అమ్మకూడదని చట్టం. తగ్గించి అమ్మితే తప్పులేదు. పెద్ద దుకాణం వేల పెట్టెలు కొంటుంది కాబట్టి ముద్రించిన ధర కన్నా తగ్గించి ఇస్తుంది. పల్లె కొట్టు పది ప్యాకెట్లు తెచ్చుకుంటుంది కాబట్టి ముద్రించిన ధరే తీసుకుంటుంది. ఒకే సబ్బు, ఒకే నూనె, ఒకే కంపెనీ. పట్నంలో ఉన్నవాడికి ఒక ధర, పల్లెలో ఉన్నవాడికి ఇంకో ధర. ఆ తేడా కోసం మన ఇంటివాళ్ళు బస్సెక్కితే చార్జీలు, ఒక రోజు కూలి, మోసుకురావడం, వెంట వచ్చిన పిల్లలకి తినుబండారాలు. తగ్గింపులో మిగిలింది దారిలో ఖర్చు.

దానితో పాటు ఎంపిక ఉండదు. పల్లె కొట్టులో ఉన్నదే కొనాలి. పేరున్న బ్రాండుని పోలిన అట్టతో వచ్చే నకిలీ బిస్కెట్లు, గడువు దాటిన పాల ప్యాకెట్లు ఎక్కువగా చేరేది కూడా అడిగేవాడు లేని ఊళ్ళకే.

అయితే రెండో వైపు కూడా చూడాలి. మన జీతం రెండు నెలలు ఆగిందనుకోండి. ఆ రెండు నెలలు మన ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు? ఊళ్ళో కోమటి కొట్టే, మన శెట్టిగారి ఖాతా పుస్తకమే. కంపెనీ దుకాణంలో కంప్యూటర్ ముందు నిలబడి "మావారు వచ్చే నెల పంపుతారు, రాసుకోండి" అంటే కుదురుతుందా? ముద్రించిన ధరలో ఆ అప్పు ఖరీదు కూడా ఉంది. అది తెలిసే మన ఆడవాళ్ళు నెలకొకసారి పట్నం వెళ్ళినా మిగతా రోజులు కొట్టువాడితో మంచిగానే ఉంటారు.

పెద్ద దుకాణం వస్తే శాశ్వతంగా ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష దేశమంతా 1,600 దాకా దుకాణాలు తెరిచి 2009లో మూతబడింది. 2001లో హైదరాబాద్‌లో మనవాళ్ళు వరసలు కట్టి చూసిన బిగ్ బజార్, 2022లో అప్పుల్లో మునిగి దుకాణాలు పోగొట్టుకుంది. మన హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర 2007లో బిర్లాల చేతికి పోయి మోర్‌గా మారింది. ఆ వెలుగులు ఆరిపోయిన వీధుల్లో కిరాణా కొట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఎవరూ వెళ్ళని చోటికి ఎవరు వెళ్ళారు?

లాభం లెక్క కుదరని చోటికి కంపెనీ వెళ్ళదు. వెళ్ళమని బతిమాలితే వెళ్ళదు, తిడితే వెళ్ళదు. అలాంటి చోట ఇతర దారులు మన దగ్గరే ఉన్నాయి.

విశాఖ మన్యంలో, మిగతా ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ 1956 నుంచి పనిచేస్తోంది. అడవి నుంచి వచ్చే చింతపండు, తేనె కొంటుంది, తన డిపోల్లో ఉప్పు, పప్పు, సబ్బులు అమ్ముతుంది. సంతలో దళారి చేతిలో రెండు వైపులా మోసపోయే మనిషికి అది ఆసరా. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు పట్టణాల్లో కూరగాయల ధర మీద అదుపు తెచ్చాయి, అయితే అవీ ఎక్కువగా పట్టణాల్లోనే.

2017 డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిలయన్స్, ఫ్యూచర్ గ్రూప్ సంస్థలతో కలిసి చంద్రన్న విలేజ్ మాల్స్ మొదలుపెట్టింది. మొదటి విడతలో 6,500 రేషను దుకాణాలని చిన్న మాల్స్‌గా మార్చాలని అనుకున్నారు. ఆలోచన మంచిదే. రేషను దుకాణం ప్రతి ఊళ్ళో ఉంది, డీలరు ఉన్నాడు, జనం ఎలాగూ నెలకొకసారి వస్తారు. కానీ 2019లో ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. పల్లెకి దుకాణం పథకం పేరు మీద వస్తే, పేరు మారిన రోజున పోతుంది.

కువైట్‌లో ఉన్న మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళకి ఇంకో నమూనా రోజూ కళ్ళ ముందే ఉంది. అక్కడి జమియాలు. 1962లో చట్టం చేసి సహకార సంఘాలు మొదలుపెట్టారు. తొలిదాన్ని కైఫాన్‌లో పెట్టారు. పేటకొక సంఘం, ఆ పేటలో ఉండే కువైటీలే వాటాదారులు, లాభంలో కొంత వాటాదారులకి, కొంత ఆ పేట పనులకి. మనకి అందులో వాటా ఉండదు, సరుకు కొనుక్కోవచ్చు అంతే. కానీ పద్ధతి గమనించండి. ఏ పేటలో లాభమెక్కువ అని వెతుక్కుంటూ దుకాణం రాలేదు. పేట ఉంది కాబట్టి దుకాణం ఉంది.

షాపు పెట్టాలనుకునే సోదరులకి

ఇప్పుడు మొదట చెప్పిన మాటకి వద్దాం. ఎమిరేట్స్ చట్టం ప్రకారం సర్వీసు డబ్బు మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ 800 దిర్హాములు ఉన్న మనిషి పదేళ్ళు చేస్తే మొదటి అయిదేళ్ళకి 2,800, తర్వాతి అయిదేళ్ళకి 4,000, మొత్తం 6,800 దిర్హాములు. మన రూపాయల్లో లక్షన్నర పైచిలుకు. పదేళ్ళ ఎండకి వచ్చిన ఆ డబ్బుని ర్యాకుల్లో, అద్దాల తలుపులో, రంగు బోర్డులో పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, మన ఊరి చుట్టూ ఎన్ని ఇళ్ళు? నడిచి వచ్చేవెన్ని, బండి మీద వచ్చేవెన్ని? అందులో ఎన్ని ఇళ్ళలో మనుషులు ఉంటున్నారు?

రెండోది, పెద్ద దుకాణం ఎంత దూరంలో ఉంది? పది కిలోమీటర్ల లోపు ఉంటే ప్యాకెట్ సరుకులో వాడితో పోటీ పడలేం. వాడు కొనే ధరకి మనకి సరుకు రాదు. నలభై కిలోమీటర్లు ఉంటే బస్సు చార్జీయే మనకి రక్ష.

మూడోది, వాడు అమ్మనిది మనం ఏం అమ్మగలం? తాజా కూరగాయలు, మన పక్క పల్లెలో ఆడించిన పసుపు, కారం, గానుగ నూనె, పశువుల దాణా, పొలానికి కావలసిన చిన్న సామాను. ఒక కంపెనీ వదిలేసిన చోటు ఇంకొకరికి పనికొస్తుందని వీ-మార్ట్ సంగతిలో చూశాం కదా.

నాలుగోది, అప్పు ఎంతవరకు ఇవ్వగలం? పల్లెలో అప్పు ఇవ్వకపోతే కొట్టు నడవదు, ఇస్తే కొన్ని చోట్ల కొట్టు మిగలదు. లక్షన్నర సరుకులో యాభై వేలు ఖాతా పుస్తకంలో ఉండిపోతే మళ్ళీ బేగంబజారుకి వెళ్ళడానికి డబ్బు ఉండదు. అప్పుడు కొట్టు మూసి మళ్ళీ వీసా కోసం తిరగాల్సి వస్తుంది. అలా తిరిగి వచ్చిన వాళ్ళు మన క్యాంపుల్లోనే ఉన్నారు, అడిగితే చెబుతారు.

ఒక్కరి వల్ల కానిది పదిమంది వల్ల అవుతుంది. ఒకే మండలం వాళ్ళం పది మంది క్యాంపులో ఉంటే, పది ఊళ్ళలో పది కొట్లు ఉంటే, సరుకు మాత్రం కలిపి ఒకే లారీలో తెప్పించుకుంటే పది ప్యాకెట్ల ధర వంద ప్యాకెట్ల ధర అవుతుంది. పెద్ద కంపెనీ చేసేది కూడా ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. ఊళ్ళో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి కలిసి డబ్బు లెక్క చూసుకోవడం ఇరవై ఏళ్ళకి పైగా అలవాటు. వాళ్ళని పక్కన పెట్టి మనం ఫోన్లో వ్యాపారం నడపలేం.

కంపెనీ మన ఊరిని లెక్కలోంచి తీసేసింది. మనమూ లెక్క వెయ్యకుండా "ఖల్లీవల్లీ, చూద్దాంలే" అని దిగితే నష్టపోయేది మనమే. బోర్డు మీద పేరు రాయించే ముందు ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబులు ఒక కాగితం మీద రాయండి. రాసినది ఇంట్లో ఆవిడకి ఫోన్లో చదివి వినిపించండి. ఊళ్ళో నెలనెలా సరుకు కొనేది ఆమె. ఏ కొట్టులో ఏం దొరుకుతుందో, ఎవరు అప్పు తీరుస్తారో, ఎవరు ఎగ్గొడతారో ఏ కంపెనీ సర్వే కన్నా ఆమెకే బాగా తెలుసు.